అందినట్టు అందిందా?

నీటిపారుదల శాఖలో నీరు పారకపోవడం వింత కాదు. కాగితం పారకపోవడం వింత. ఆ వింత ఒకసారి జరిగింది. రాజధానిలోని సంచాలకులవారు రాసిన ఉత్తరమొకటి ఏ ఊరు చేరిందో, ఏ సొరుగులో చేరగిలబడిందో తెలియక శాఖ యావత్తూ మూడు నెలలు గాలించింది. చివరకది సంచాలకులవారి సొంత సొరుగులోనే దొరికింది. అటువంటి అపచారం మరెన్నడూ జరగకుండా వారు నలభై ఒకటో సర్క్యులర్ జారీ చేశారు. "అందిన ప్రతి వర్తమానమునకును, అందినట్లు వర్తమానము పంపవలెను. పంపనివారు ధిక్కరించినట్లు భావింపబడుదురు."

అందినట్టు పంపే వర్తమానం కూడా వర్తమానమే కదా అని ఎవరూ అనలేదు. అనవలసిన అవసరమూ రాలేదు. మనుషుల కార్యాలయాల్లో ప్రతి నియమానికీ సోమరితనమనే కరకట్ట ఒకటి ఉంటుంది. ఒక గుమస్తా ఉత్తరం అందిందని రాస్తాడు. ఆ రాసింది అందిందని అవతలి గుమస్తా రాస్తాడు. దానికీ అందిందని రాయవలసిన వేళకు ఇవతలి గుమస్తాకు ఆవులింత వస్తుంది. ఆ ఆవులింత ఆసరాతోనే ప్రభుత్వం నడుస్తుంది.

సర్క్యులర్‌ను యంత్రానికి నేర్పినప్పుడు చిక్కు వచ్చింది. యంత్రానికి ఆవులింత రాదు.

గోదావరి డెల్టా కొసన, సముద్రపు ఉప్పుగాలి కాలువ తియ్యనీటితో తగవాడే చోట మొగలిలంక లాకులున్నాయి. లాకుల పక్కన పెంకుల కప్పుతో ఒక సబ్‌డివిజన్ కార్యాలయం. అందులో ఒక టెర్మినల్. అంటే ఒక తెర, ఒక మీటల పలక, రాజధానిలోని పెద్ద సర్వర్‌తో మాట్లాడటానికి ఒక తీగ. పంటకాలువ తూము తలుపు ఎత్తాలంటే మునుపటివలె ఫోను చాలదు. ఉత్తర్వు తెర మీద కనబడాలి. తలుపు కాపలా చూసే లష్కరు నూకరాజు దానిని స్వయంగా కళ్ళారా చూడాలి. చూసిన తరువాతే తాళం తీసి చక్రం తిప్పాలి.

జూన్ పదో తేదీన రాజధానిలో పాత సర్వర్‌ను సాగనంపి, 'జలవాణి' అనే కొత్త సర్వర్‌ను కొలువుతీర్చారు. పదకొండున మొగలిలంకకు ఉత్తర్వు రావాలి. రాలేదు. తెర మీద చిన్న గడియారం గుర్తొకటి గిరగిర తిరుగుతూ, "సంప్రదింపులు జరుగుచున్నవి" అని చెబుతూ కూర్చుంది.

పన్నెండో తేదీ పొద్దున్న జిల్లా కేంద్రం నుంచి దానిని బాగుచేయడానికి కడలి సుభాషిణి వచ్చింది. ఒప్పందపు ఉద్యోగంలో చేరి నాలుగు నెలలయింది. పేరు సుభాషిణే గాని భాషణం తక్కువ. నలుగురిలో నోరు విప్పాలంటే ముందు మూడుసార్లు లోలోపల అనుకుంటుంది. నాలుగోసారి అనేలోగా విషయం మారిపోతుంది. యంత్రాలతో ఆమెకు ఆ బాధ లేదు. అవి ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగుతాయి.

"వచ్చావా తల్లీ!" అన్నారు సూపరింటెండెంటు కామేశం గారు, ఎదురొచ్చి. "కూర్చో. ముందు నువ్వు వచ్చినట్టు సంతకం పెట్టు. వచ్చినట్టు నేను చూసినట్టు నేను పెడతాను. నేను చూసినట్టు నువ్వు చూసినట్టు మళ్ళీ నువ్వు పెట్టాలి, ఇక్కడ, ఈ గడిలో."

ఆమె రెండు సంతకాలు పెట్టి టెర్మినల్ ముందు కూర్చుంది. కిటికీ అవతల, లాకుల గట్టు మీద ఒక స్త్రీ నిలబడి ఉంది. ఎర్రటి నేత చీర, మోకాళ్ళ దాకా ఎండిన బురద. ఆమె గుబ్బల మాణిక్యం. చివరి బోదె, అంటే పిల్లకాలువ, కింద రెండెకరాలు కౌలుకు చేస్తుంది. ఆ రెండెకరాలకూ సరిపడా నారు పది సెంట్ల ఆకుమడిలో పోసింది. నారు వేలెడెత్తు లేచింది. మడిలో తడి ఆరింది.

"ఏటి నూకరాజూ, ఇయ్యాలన్నా ఎత్తుతావా?" అని గట్టు మీదనుంచే కేకేసింది.

"ఆయ్, ఆర్డరు కనపడితే ఎత్తుతానప్పా. నాకేవన్నా సరదానా?"

"కనపడకపోతే?"

"కనపడకపోతే ఎత్తకూడదని కనపడింది గదా ఆ మధ్యన!"

"ఇంకో పది రోజులు సూత్తాను. ఆ పైన నారు గడ్డైపోద్ది. గడ్డి ఊడుత్తారా ఎక్కడన్నా?"

సుభాషిణి ఆ మాట విన్నది. తీగ మీద పోయే మాటలన్నీ పట్టి చూపే కిటికీనొకదాన్ని తెర మీద తెరిచింది.

ఏ రెండు యంత్రాలు కలిసినా అసలు మాటకు ముందు కొసరు మాటలు కొన్ని ఉంటాయి. వియ్యాలవారు కట్నకానుకల కబుర్లకు ముందు ఎండల గురించీ ప్రయాణం గురించీ మాట్లాడుకున్నట్టు, యంత్రాలు కూడా తెర వెడల్పెంత, అక్షరాలు ఎవరు చూపాలి అని అడిగి ఒప్పుకుంటాయి. అరసెకను పని. ఆ పైన అసలు వర్తమానం. ఆమె చూసిన సంభాషణ మాత్రం, యంత్రాల లెక్కల్లోంచి మనుషుల మాటల్లోకి దించితే, ఇలా ఉంది.

"నా తెర వెడల్పు చెప్పమంటారా?" అని టెర్మినల్.

"చెప్పు," అని జలవాణి.

"ఎనభై అక్షరాలు."

"ఎనభై అన్నది అందింది. అందినట్టు నీకు అందిందా?"

"అందిందా అని అడిగే పద్ధతి నేను నేర్వలేదు. మన్నించండి."

"నేర్వలేదన్నది అందింది. అందినట్టు నీకు అందిందా?"

"ఆ పద్ధతి నేను నేర్వలేదు. మన్నించండి."

"నేర్వలేదన్నది అందింది. అందినట్టు నీకు అందిందా?"

ఆమె ఇంకా కిందికి చూసింది. ఇంకా కిందికి. టెర్మినల్ వైపు నుంచే సెకనుకు పన్నెండు వరుసల చొప్పున, ఒక పగలూ ఒక రాత్రీ, పది లక్షల వరుసలు. కోనసీమలో కొసరి వడ్డించే ఇల్లాలికీ, చాలనడం తెలియని కొత్త అల్లుడికీ మధ్య విస్తరి నిండిపోయినట్టు తీగ నిండిపోయింది. తూము ఉత్తర్వు వంటింట్లోనే ఉండిపోయింది.

లోకంలోని సర్వర్లన్నిటికీ ఒక నీతి ఉంది: ఒకసారి ఒప్పుకున్నదాన్ని మళ్ళీ ఒప్పుకోకూడదు, ఒకసారి కాదన్నదాన్ని మళ్ళీ కాదనకూడదు. ఆ నీతిని జలవాణి నుంచి తీసేసి, ఆ ఖాళీలో నలభై ఒకటో సర్క్యులర్‌ను పెట్టారు.

మధ్యాహ్నం ఒక సంగతి జరిగింది. ఎండ వేడికి టెర్మినల్ బిగుసుకుపోయి జవాబివ్వడం మానేసింది. నిమిషం గడిచింది. అటు జలవాణి ఎదురుచూసి, ఎదురుచూసి, ఇక వేరే దారి లేదన్నట్టు అసలు వర్తమానం మొదలుపెట్టింది. తెర మీద "మొగలిలంక తూము" అన్న రెండు మాటలు కనబడ్డాయి. అంతలో టెర్మినల్ తేరుకుంది. ఇంతసేపూ పలకనందుకు మన్నించమంది. మన్నింపు అందిందని జలవాణి అంది. తూము మాట తుడిచిపెట్టుకుపోయింది.

నూకరాజు పక్కనే ఉన్నాడు. "మొగలిలంక తూము... తరవాత? ఎత్తమనా, ఎత్తొద్దనా?"

"అది రాలేదండి."

"ఆయ్. అది కదండీ ముక్కెం."

కాని ఆమెకు కావలసినది దొరికింది. రెండింటిలో ఒకటి నోరు మూసుకుంటే చాలు. జలవాణి మూయదు. టెర్మినల్‌కు ఒక్క వరుస నేర్పితే చాలు: లేదని ఒకసారి చెప్పాక, అదే ప్రశ్న మళ్ళీ వస్తే జవాబు చెప్పకు. ఆ వరుస రాసింది. రాసి, అమలు చేయకుండా, అనుమతి కోసం సబ్‌డివిజన్ అధికారి సోమసుందరం గారి గదికి వెళ్ళింది. అనవలసిన మాటను దారిలో మూడుసార్లు అనుకుంది.

సోమసుందరం గారు చదివిన కాగితాన్ని మరోసారి చదివితేగాని తలెత్తరు.

"అంటే అమ్మాయ్, పై కార్యాలయం పలకరిస్తుంది, మన టెర్మినల్ పలకదు. అంతేనా?"

"ఒకసారి పలుకుతుందండి. రెండోసారి..."

"రెండోసారి ముఖం తిప్పుకుంటుంది. దీన్ని పరిపాలనలో ఏమంటారో తెలుసా? క్రమశిక్షణా రాహిత్యం. అది యంత్రం కాబట్టి దానికి ఇంక్రిమెంటు ఉండదు, ఆపడానికి. ఆపితే నాకు ఆపుతారు."

"అది మాట్లాడకపోతేనే ఆర్డరు వస్తుందండి. మౌనంగా ఉంటే..."

"మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు. ప్రభుత్వానికి అర్ధాంగీకారం దేనికి? పూర్ణాంగీకారం కావాలి." ఆయన ఫోనెత్తారు. "ఉండు. సంచాలకులవారినే అడుగుదాం."

అవతలి గొంతు వినబడగానే సోమసుందరం గారు లేచి నిలబడ్డారు. పక్క బల్ల దగ్గర కామేశం గారు లేచారు. సుభాషిణి ఎలాగూ నిలబడే ఉంది. సంచాలకులు విశ్వంభరరావు గారి కంఠం గది దాటి గట్టు దాకా వినిపించింది.

"మా సర్వర్‌లో లోపమా? సోమసుందరం, జలవాణి అక్షరం పొల్లుపోకుండా సర్క్యులర్ ప్రకారం నడుస్తోంది. మిగతా ప్రపంచమే సర్క్యులర్ ప్రకారం నడవడం లేదు."

"చిత్తం. మరి పదే పదే అడుగుతోందండి, అందిందా, అందిందా అని."

"ఎందుకు అడుగుతోంది? మీరిచ్చే అంగీకారం దానికి తృప్తిగా లేదు. సంతకముందా?"

"యంత్రం సంతకం పెట్టదు కదండీ."

"అదీ లోపం. మీ వైపు."

పదమూడో తేదీ నుంచి మొగలిలంక కార్యాలయం తన వైపు లోపాన్ని దిద్దుకోసాగింది. టెర్మినల్ పలికిన ప్రతి మన్నింపునూ కాగితం మీద అచ్చుతీసి, పేజీకొక సంతకం పెట్టి, కట్టకొక ముద్ర వేసి రాజధానికి పంపాలని నిర్ణయమైంది. అచ్చుయంత్రం రాత్రింబవళ్ళు కూసింది. తెల్లకాగితాలు రెండు రోజుల్లో అయిపోయాయి. ఆ పైన నీటి విడుదల ఫారాల వెనక వైపు అచ్చువేశారు. నీరు ఎలాగూ విడుదల కావడం లేదు గనుక వాటి ముందు వైపుతో పని లేదు. సంతకాలకు గుమస్తాలు చాలలేదు. కాలువ కొలతలు చూసే వర్క్ ఇన్‌స్పెక్టర్లను రప్పించారు. వారు చాలక లష్కర్లను రప్పించి, సంతకాల బదులు వేలిముద్రలు వేయించారు. నూకరాజు ఎడమ బొటనవేలు మూడో రోజుకు నీలంగా మారి, నాలుగో రోజుకు వాచింది.

"తూము చక్రం తిప్పినా ఇంత నొప్పెట్టలేదండి," అన్నాడు సుభాషిణితో, వేలు ఊదుకుంటూ. "నీళ్ళొదలకుండానే ఇంత కట్టపడతన్నాం. ఒదిలితే ఏవైపోదుమో."

పంపిన ప్రతి కట్టకూ అందినట్టు రాజధాని నుంచి ఉత్తరం వచ్చేది. ఆ ఉత్తరం అందినట్టు ఇక్కడి నుంచి వెళ్ళేది. సుభాషిణి రోజూ అనుమతి కోసం ఒక కాగితం పెట్టేది. రోజూ సాయంత్రానికి కామేశం గారు నవ్వుతూ తెచ్చి ఇచ్చేవారు: "నీది అందింది తల్లీ."

పదహారో తేదీన మాణిక్యం నేరుగా కార్యాలయంలోకి వచ్చింది. మొదటి అర్జీ పన్నెండున ఇచ్చింది, రెండోది పద్నాలుగున. మూడోది చేతిలో ఉంది. కొంగున కట్టిన రెండు రసీదులు విప్పి బల్ల మీద పెట్టింది.

"బాబూ, నీళ్ళడిగితే ఇయ్యి ఇచ్చారు. మడిలో పరిసి సూశాను. పచ్చబడలేదు."

"రసీదు అంటే ఏమనుకున్నావమ్మా?" అన్నారు కామేశం గారు నొచ్చుకుని. "నీ బాధ ప్రభుత్వానికి చేరిందని. పూర్వం చేరేదే కాదు."

"సేరి?"

"చేరి... చేరింది."

"సేరినోళ్ళు ఏటి సేత్తన్నారు?"

"అందినట్టు నీకు చెప్పారు కదా. ఇప్పుడు నీకు అందినట్టు నువ్వు చెప్పాలి. అదే నువ్వు చెయ్యడం లేదు. రెండు రసీదులకూ నీ వేలిముద్ర బాకీ. అందుకే ఫైలు ముందుకు కదలడం లేదు."

ఆమె మూడో అర్జీ కూడా బల్ల మీద పెట్టింది. తరువాత వేలు చాచింది. ముద్ర పడింది. వెళుతూ వెళుతూ సుభాషిణి బల్ల దగ్గర ఆగి, తిరుగుతున్న గడియారం గుర్తును చూసింది.

"ఇదేనా అమ్మా ఊసులాడతంది?"

"ఇదేనండి."

"ఆపలేవా?"

సుభాషిణి జవాబు మూడుసార్లు అనుకుంది. నాలుగోసారి అనేలోగా మాణిక్యం గట్టు దిగి వెళ్ళిపోయింది. మెడ వంచిన మనిషి నడక అది. ఆకుమడి నెర్రెలు విచ్చిందని నూకరాజు చెప్పాడు. తవ్వుకున్న గుంటలోంచి కుండతో నీళ్ళు మోసి తడుపుతోందట. గుంటలో ఉప్పు ఊరుతోందట.

ఇక పద్దెనిమిదో తేదీన రాజధానిలో ఒక పట్టిక తయారయింది. ఏ కార్యాలయం ఎన్ని అంగీకారాలు పంపిందని లెక్కగట్టగా, రెండో స్థానంలో నిలిచిన కార్యాలయం పంపినవి నాలుగు వందల పన్నెండు. మొదటి స్థానంలో నిలిచిన మొగలిలంక పంపినవి, టెర్మినల్ మన్నింపులతో కలిపి, డెబ్భై రెండు లక్షలు. విశ్వంభరరావు గారు పట్టికను రెండుసార్లు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఫోను చేశారు.

"సోమసుందరం, నిన్ను అపార్థం చేసుకున్నాను. ఇరవై ఒకటిన మీ కార్యాలయం కోటి అంగీకారాలు పూర్తి చేస్తుంది. ఆ ఘడియకు నేనే వస్తాను. అందరూ చూసేలా పెద్ద తెర పెట్టించు."

ఆ క్షణం నుంచి జబ్బు కాస్తా ఘనత అయింది. అచ్చుయంత్రం ఆగింది. సంతకాలు ఆగాయి. యంత్రం దగ్గరికి ఎవరూ పోకుండా తాడు కట్టారు. సుభాషిణిని మాత్రం తాడు లోపల కూర్చోబెట్టారు.

"బాగుచేయడానికి వచ్చానండి నేను," అంది ఆమె.

"బాగానే ఉంది కదా అమ్మాయ్!" అన్నారు సోమసుందరం గారు. "ఇప్పుడు నీ పని అది బాగుపడకుండా చూడటం."

ఇరవై ఒకటి ఉదయం కార్యాలయం ముందు షామియానా వేశారు. టెర్మినల్‌కు తగిలించిన పెద్ద తెర మీద అంకెలు పరుగెడుతున్నాయి. తొంభై తొమ్మిది లక్షల ఎనభై వేలు, ఎనభై ఒకటి, ఎనభై రెండు. వేదిక మీద పూలదండలు, శాలువా, ఒక వెండిరంగు షీల్డు. ముందు వరుసలో మాణిక్యాన్ని కూర్చోబెట్టారు. ఆ మండలం మొత్తంలో అత్యధిక రసీదులు పొందిన రైతు ఆమే. వెనక వరుసలో నూకరాజు, మెడలో తూము తాళంచెవితో, వేలికి గుడ్డతో.

విశ్వంభరరావు గారు మైకు పుచ్చుకున్నారు.

"అందుకొనుట సులభం. అందినదని అంగీకరించుట సంస్కారం. ఆ అంగీకారమును అంగీకరించుట పరిపాలన. ఇక ఆ అంగీకృతాంగీకారమును మరల మరల అంగీకరించుట ఏమిటి?" ఆయన ఆగారు. "అది మొగలిలంక!"

చప్పట్లు మోగాయి. శాలువా కప్పడానికి మాణిక్యాన్ని వేదిక మీదికి పిలిచారు. రెండు మాటలు చెప్పమని సోమసుందరం గారు మైకు ఆమె ముందుకు జరిపారు. అవి ఏ రెండు మాటలో ముందే నేర్పించారు. ఆమె అవి మరిచిపోయింది.

"బాబూ, దండాలు. మా ఆకుమడి ఎండిపోతందండి. రేపటికి ఉండదండి. తూమెత్తించండి బాబూ, మీ కాళ్ళట్టుకుంటాను."

విశ్వంభరరావు గారు ఆమె భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు.

"తల్లీ, నీ మాట అందింది."

చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

తాడు లోపల కూర్చున్న సుభాషిణి, అనవలసిన మాటను ఆ పూట ఒక్కసారి కూడా అనుకోలేదు. పన్నెండో తేదీన రాసి దాచిన ఆ ఒక్క వరుసను తెరిచింది. మీట నొక్కింది.

తొంభై తొమ్మిది లక్షల తొంభై వేల నాలుగు వందల మూడు. అంకె ఆగింది.

చప్పట్లు సన్నగిల్లాయి. అందరూ తెరవంక చూశారు. తెర కదలలేదు. ఏం జరిగిందో ఎవరికీ తెలియలేదు. తెలియదని ఒప్పుకునే అలవాటు వేదిక మీద ఎవరికీ లేదు. వేదిక మీద ఉన్నట్టుండి నిశ్శబ్దమయితే దానికి అర్థం ఒక్కటేనని సోమసుందరం గారికి ముప్ఫై ఏళ్ళ అనుభవం. ఎవరో పెద్దలు కాలం చేశారు. ఆయన చప్పున లేచి, చేతులు కట్టుకుని, తల వంచారు. అది చూసి కామేశం గారు లేచారు. పోయినది ఎవరో తనకు ముందే తెలిసినట్టు కనబడాలని విశ్వంభరరావు గారు అందరికంటే కిందికి తల వంచారు. సభ యావత్తూ లేచి నిలబడింది.

సరిగ్గా ఒక నిమిషం. కాకి కూడా అరవలేదు.

అటు రాజధానిలో జలవాణి ఎదురుచూసి, ఎదురుచూసి, ఇక వేరే దారి లేదన్నట్టు అసలు వర్తమానం మొదలుపెట్టింది. పెద్ద తెర మీద, అరచేయంత అక్షరాలతో, పదకొండో తేదీ నాటి మాట ఒక్కొక్కటే నడిచి వచ్చింది.

"మొగలిలంక తూము తలుపు తక్షణమే ఎత్తవలెను."

తల వంచిన సభలో తల ఎత్తి ఉన్నవాడు ఒక్క నూకరాజే. ఉత్తర్వును కళ్ళారా చూడాలని అతనికి నియమం. చూశాడు. పైకి చదివాడు. "ఎత్తవలెను!" అన్నాడు ఇంకోసారి, ఆ చివరి మాట రుచి చూసుకుంటున్నట్టు. మెడలో తాళంచెవి పట్టుకుని కుర్చీల మీంచి దూకి గట్టెక్కాడు. వెనకనే శాలువా జారిపోతూ మాణిక్యం పరుగెత్తింది.

మౌనం ముగిసి అందరూ తలలెత్తేసరికి కాలువ వైపు నుంచి చక్రం కిర్రుమంటోంది.

"ఎవరండీ పోయింది?" అని సంచాలకులవారు మెల్లగా అడిగారు.

సుభాషిణికి ఇరవై రెండో తేదీన మెమో వచ్చింది. "పై కార్యాలయము పలుమార్లు సంప్రదించుచుండగా, కోటి అంగీకారములకు కేవలము తొమ్మిది వేల అయిదు వందల తొంభై యేడు తక్కువైన శుభసమయమున, టెర్మినల్‌చే ఉద్దేశపూర్వకముగా మౌనము వహింపజేసినందులకు మిమ్ము ఏల తొలగించరాదో, ఇది అందినట్లు సంతకము చేసిన నాటి నుండి మూడు దినములలో తెలుపవలెను." పెట్టిన వరుసను వెంటనే తీసివేయాలని రెండో పేరాలో ఉంది.

కామేశం గారు మెమోను, కలాన్ని ఆమె ముందు పెట్టారు. "సంతకం పెట్టు తల్లీ. అందిందని అంతే. తప్పు ఒప్పుకున్నట్టు కాదు."

ఆమె మెమో చదివింది. కలం మూత పెట్టింది. రెండూ ఆయన వైపు జరిపి, తెరవంక తిరిగింది.

"పెట్టవా?"

జవాబు లేదు.

"అయ్యో, అలా అంటే ఎలా? నువ్వు అందిందనకపోతే అందనట్టే. అందకపోతే మూడు రోజులు మొదలు కావు. మొదలు కాకపోతే ముగియవు. ముగియకపోతే తొలగించడానికి వీల్లేదు. సర్క్యులర్ నీకు తెలియదా?"

ఆమెకు తెలుసు. ఆయన చెబుతుంటే ఆయనకూ కొత్తగా తెలిసింది. తరువాత మెమో పట్టుకుని పోయి, మొదటి మెమో అందినట్టు తెలపనందుకు రెండో మెమో తయారు చేశారు. అదీ అందవలసి ఉంది. నెలాఖరుకు ఏడు మెమోలయ్యాయి. తూము ఉత్తర్వులు మాత్రం వంతు తప్పకుండా తెర మీదికి వస్తున్నాయి. నూకరాజు చూస్తున్నాడు, ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. వేలు వాపు తీసింది.

మాణిక్యం ఆకుమడిలో పది సెంట్లకు ఆరు సెంట్లు బతికాయి. రెండెకరాలకు నారు చాలదు. ఎకరం పావుకు సరిపోతుంది. మిగతా ముప్పాతికలో మినుము చల్లుకుంటానంది. జూలై మొదటి వారంలో ఊడ్పులు పడ్డాయి. ఒక ఆదివారం సుభాషిణి చేను చూడటానికి వెళ్ళింది. మాణిక్యం మోకాలి లోతు బురదలోనే నిలబడి, నారు కట్ట చంకలో పెట్టుకుని పలకరించింది.

"నీ ఉజ్జోగం తీసేత్తారన్నారు. తీసేశారా?"

"లేదు పిన్నీ."

"మళ్ళీ రాశారా?"

"నిన్న ఎనిమిదోది వచ్చింది."

"మరి ఆళ్ళకి ఏటి సెప్పేవమ్మా, అంత పెద్దోళ్ళకి?"

"ఏమీ చెప్పలేదు పిన్నీ."

"ఏమీనా?"

సుభాషిణి తల ఊపింది. మాణిక్యం నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆలోచించి, తన నుదుటి మీద బురద చేత్తోనే కొట్టుకుంది.

"సూడు మరి నా కర్మ! మూడేసి అర్జీలెట్టి, ఆళ్ళతో మాటాడింది నేనే గదా."